సెమినరీలో గృహస్థ విద్యార్థి: చదువు, సంసారం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రైస్తవ గురువులను, సంఘకాపరులను తయారుచేసే విద్యాలయాన్ని సెమినరీ అంటారు. ప్రొటెస్టంటు సెమినరీలలో పెళ్ళయి, చిన్నపిల్లలు ఉన్న విద్యార్థులు గణనీయంగా కనిపిస్తారు. చదువు ముగిసిన తరువాతనే సంసారం అనే భారతీయ ఆశ్రమక్రమానికి, బ్రహ్మచర్యాన్ని నియమంగా పెట్టుకున్న కథోలిక గురువిద్యకు ఈ విద్యార్థి జీవనం భిన్నమైనది. అతని కాలం, ధనం, నివాసం ఎలా విభజింపబడతాయో, ఆ విభజనలో భార్య శ్రమకు ఏ స్థానం దక్కుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రామాయపట్నం, దోర్నకల్లు, హైదరాబాదు విద్యాలయాల నేపథ్యంలో తెలుగు సంఘాల అనుభవాన్ని, ‘అయ్యగారు’, ‘అమ్మగారు’ అనే సంబోధనల వెనుక ఉన్న సామాజికార్థాన్ని విశ్లేషించడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: సెమినరీ, గృహస్థ విద్యార్థి, దైవశాస్త్ర విద్య, తెలుగు క్రైస్తవం, పరిచర్య, అమ్మగారు, విస్తరణ విద్య.

1. ఉపోద్ఘాతం:

భారతీయ సంప్రదాయం చదువుకు ఒక దశను, సంసారానికి మరొక దశను ఏర్పరచింది. బ్రహ్మచర్యాశ్రమంలో విద్యాభ్యాసం పూర్తిచేసి, సమావర్తనం జరుపుకొని, స్నాతకుడై ఇంటికి తిరిగివచ్చిన తరువాతనే వివాహం. తెలుగువారి పెళ్ళితంతులో ఈ భావన నేటికీ నిలిచి ఉంది. స్నాతకం ముగించుకున్న వరుడు గొడుగు, చేతికర్ర పట్టుకొని కాశీకి బయలుదేరుతాడు. వధువు సోదరుడు ఎదురువెళ్ళి, బతిమాలి, అతణ్ణి పెళ్ళిపీటల వైపు మళ్ళిస్తాడు. వేడుకగా సాగే ఈ కాశీయాత్రలో ఒక స్పష్టమైన సామాజిక నిర్ణయం ఉంది. వరుడు కాశీకైనా వెళ్ళాలి, పెళ్ళైనా చేసుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు.

అయితే ఇదే సంప్రదాయంలో మరొక స్వరం కూడా వినబడుతుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి మనిషి పాటించవలసిన ధర్మాలను వరుసగా చెబుతూ, ప్రతి ధర్మానికీ అధ్యయనాన్ని, బోధనను జతచేస్తుంది. ఆ జాబితాలో అతిథిసేవతోపాటు సంతానాన్ని కనడం, వంశాన్ని నిలపడం కూడా ఉన్నాయి. అంటే బిడ్డలను పెంచే కాలంలోనూ చదువు ఆగకూడదన్నది అక్కడి భావం. ఆచారం వేరుచేసిన రెండు ధర్మాలను ఉపనిషత్తు ఒకే వాక్యంలో కలిపింది.

సెమినరీలో చేరిన గృహస్థుడు ఈ కలయికను నిత్యజీవితంలో అనుభవించేవాడు. ఒక విధంగా అతడు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని కాశీకి బయలుదేరిన వరుడు. ఆ ప్రయాణంలో ఎవరి మీద ఎంత బరువు పడుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. సెమినరీ - పదం, వ్యవస్థ:

సెమినరీ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని ‘సెమినారియుం’. దానికి సరైన తెలుగు మాట నారుమడి. విత్తనాలను దగ్గర దగ్గరగా చల్లి, కాపాడి, కొంత ఎదిగాక పీకి పొలంలో నాటడానికి సిద్ధంచేసే చోటు అది. ఈ పోలికను వ్యవస్థగా మలిచినది కథోలిక సంఘం. 1563లో ట్రెంటు మహాసభ ప్రతి మేత్రాసనమూ గురువిద్యార్థుల కోసం విద్యాలయాన్ని ఏర్పరచాలని ఆదేశించింది. పన్నెండేళ్ళకు తక్కువ కాని బాలురను చేర్చుకొని, లోకవ్యవహారాలకు దూరంగా ఉంచి, గురుత్వానికి సిద్ధపరచడం దాని లక్ష్యం. బ్రహ్మచర్యం ఆ శిక్షణలో విడదీయరాని అంశం. నారుమడి పోలిక అక్కడ పూర్తిగా సరిపోతుంది. లేతమొక్కకు వేరే వేళ్ళేవీ ఇంకా పుట్టలేదు.

తూర్పు ఆర్థొడాక్సు సంఘాల పద్ధతి వేరు. అక్కడ వివాహితుడు గురువు కావచ్చు, కాని అభిషేకం పొందిన తరువాత వివాహం చేసుకోరాదు. అందువల్ల చదువు ముగిసి అభిషేకానికి ముందు గల వ్యవధిలోనే వివాహమా, సన్న్యాసమా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది.

ప్రొటెస్టంటు సంఘాలలో ఈ ఆంక్షలు లేవు. ఈ మార్పుకు ప్రతీకగా నిలిచిన కుటుంబం మార్టిన్ లూథరుది. ఒకప్పటి సన్న్యాసి అయిన లూథరు, ఒకప్పటి సన్న్యాసిని అయిన కథరీనా ఫాన్ బోరాను 1525 జూన్‌లో వివాహమాడాడు. విట్టెన్‌బర్గులో ఖాళీ అయిన అగస్టీను మఠమే వారి కాపురానికి ఇల్లయింది. వారికి ఆరుగురు పిల్లలు పుట్టారు. ఆ ఇంటిలో విద్యార్థులు భోజనవసతి పొందేవారు. భోజనాల బల్ల దగ్గర లూథరు మాట్లాడిన మాటలను వారు రాసుకోగా, అవి ‘టేబుల్ టాక్’ పేరుతో 1566లో గ్రంథరూపం పొందాయి. ఆ బల్ల మీదికి భోజనం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం కథరీనా. తోట పెంచడం, పశువులను సాకడం, బీరు కాయడం, వసతి ఉన్నవారి లెక్కలు చూడడం ఆమె పనులు. లూథరు 1546లో మరణించిన తరువాత యుద్ధాలు, ఆర్థిక ఇబ్బందులు ఆమెను చుట్టుముట్టాయి. 1552లో టోర్గావులో ఆమె కన్నుమూసింది. దైవశాస్త్ర విద్య ఇంటిలోకి ప్రవేశించిన తొలినాళ్ళలోనే ఆ విద్యకు ఆధారం ఇల్లాలి శ్రమ అన్న సంగతి ఈ చరిత్రలో కనిపిస్తుంది.

3. రెండు బోధల నడుమ:

గృహస్థ విద్యార్థి తరగతిలో చదివే గ్రంథమే అతని ముందు రెండు భిన్నమైన బోధలను ఉంచుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు వివాహితుని మనస్సు రెండుగా చీలుతుందని చెబుతాడు. అవివాహితుడు దేవుణ్ణి మెప్పించడాన్ని గురించి ఆలోచిస్తే, వివాహితుడు భార్యను మెప్పించడాన్ని గురించి కూడా ఆలోచించవలసి వస్తుందన్నది ఆయన పరిశీలన. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం దీనికి భిన్నంగా సంఘనాయకుని అర్హతలను చెబుతుంది. ఏకపత్నీవ్రతుడై, సొంత ఇంటిని చక్కగా నడుపుకొనేవాడే సంఘాన్ని నడపడానికి తగినవాడని, ఇంటిని నడపలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకోగలడని అక్కడి తర్కం.

మొదటి బోధ ప్రకారం సంసారం పరిచర్యకు ఆటంకం. రెండవ బోధ ప్రకారం సంసారమే పరిచర్యకు పరీక్ష. అపొస్తలుల జీవితాలలోనూ ఈ రెండూ ఉన్నాయి. పౌలు ఒంటరిగా తిరిగినవాడు. పేతురుకు అత్త ఉన్నదని సువార్తలు చెబుతున్నాయి. ఆయన భార్యను వెంటబెట్టుకొని తిరిగిన సంగతిని పౌలే ప్రస్తావించాడు. గృహస్థ విద్యార్థి ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ పక్కనపెట్టలేడు. పాఠం చదవడానికి కూర్చుంటే ఇంటిని నిర్లక్ష్యం చేస్తున్నానన్న భావన, బిడ్డను ఎత్తుకుంటే పిలుపును నిర్లక్ష్యం చేస్తున్నానన్న భావన అతణ్ణి వెన్నాడతాయి. ఇతర విద్యార్థులకు సమయాభావం ఒక ఇబ్బంది మాత్రమే. ఇతనికి అది ధర్మసంకటం.

4. కాలవిభజన:

భారతదేశంలోని ప్రొటెస్టంటు దైవశాస్త్ర కళాశాలలు అనేకం శ్రీరాంపూరు కళాశాల సెనేటుకు అనుబంధంగా ఉన్నాయి. కేరీ, మార్ష్‌మన్, వార్డు 1818లో స్థాపించిన ఈ కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన అధికారపత్రం ద్వారా పట్టాలిచ్చే హక్కు సంక్రమించింది. ఇక్కడి బి.డి. పట్టాకోసం చదివే విద్యార్థి పాత, కొత్త నిబంధనల అధ్యయనం, సంఘచరిత్ర, సిద్ధాంతం, నీతిశాస్త్రం, ఇతర మతాల పరిచయం, కాపరిత్వ శాస్త్రం వంటి విషయాలతోపాటు బైబిలు మూలభాషలను కూడా ఎదుర్కోవలసి ఉంటుంది.

మూలభాషల అధ్యయనం చాలా సమయాన్ని కోరుతుంది. హీబ్రూ కుడినుంచి ఎడమకు రాసే లిపి. మూడక్షరాల ధాతువు ఏడు ప్రధాన రూపాలలో మారుతూ అర్థభేదాన్ని పొందుతుంది. గ్రీకు నామవాచకాలు విభక్తులతో, క్రియలు కాల, పురుష, వచన భేదాలతో విస్తరిస్తాయి. వీటిని కంఠస్థం చేయడానికి ప్రతిరోజూ ఏకాగ్రతతో కూడిన కొంత సమయం కావాలి. వారానికొకసారి పది గంటలు కూర్చోవడం కంటే రోజుకొక గంట కూర్చోవడం ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. సరిగ్గా ఆ గంటే చంటిబిడ్డ ఉన్న ఇంటిలో దొరకదు. బిడ్డ నిద్రపోయాక పుస్తకం తీస్తే, ఆ నిద్ర ఎంతసేపో ఎవరికీ తెలియదు. పల్లెనుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి మరొక భారం కూడా ఉంది. బి.డి. స్థాయిలో బోధన ప్రధానంగా ఆంగ్లంలో సాగుతుంది. కనుక అతడు తనకు పూర్తిగా పట్టుబడని ఒక భాష ద్వారా పూర్తిగా కొత్తదైన మరొక భాషను నేర్చుకోవలసి వస్తుంది.

వారంలో ఆదివారం సంగతి ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఇతర గృహస్థులకు అది కుటుంబంతో గడిపే రోజు. సెమినరీ విద్యార్థికి అది క్షేత్రశిక్షణ దినం. తనకు కేటాయించిన సంఘానికి వెళ్ళి ఆరాధనలో పాల్గొనడం, ఆదివార పాఠశాల నడపడం, ప్రసంగించడం, రోగులను పరామర్శించడం అతని చదువులో భాగం. అనేకమంది సంఘకాపరులు ఆదివారం శ్రమించి సోమవారం విశ్రమిస్తారు. విద్యార్థికి సోమవారం ఉదయం తరగతి మొదలవుతుంది. అంటే వారంలో ఏ రోజూ సంపూర్ణంగా ఇంటిది కాదు. విశ్రాంతిదినాన్ని గురించి వ్యాసం రాసే విద్యార్థి ఇంటిలోనే విశ్రాంతిదినం లేకపోవడం ఈ జీవనంలోని ఒక వైరుధ్యం.

5. ధనం, నివాసం:

దైవశాస్త్ర విద్యకు వచ్చే వివాహితుడు తరచుగా అంతకుముందు చేస్తున్న పనిని విడిచి వస్తాడు. సంపాదన ఆగిపోయిన కాలంలోనే ఖర్చు పెరుగుతుంది. అతణ్ణి పంపిన సంఘమో, మిషనో ఇచ్చే సహాయం సాధారణంగా విద్యార్థి రుసుమును, భోజనవసతిని లెక్కించి ఇచ్చేది. పాలు, మందులు, బడి ఫీజులు ఆ లెక్కలో ఇమడవు. కుటుంబ నివాసాలు పరిమితంగా ఉన్నచోట విద్యార్థి ముందు రెండే దారులు. హాస్టలులో ఒంటరిగా ఉండి భార్యాబిడ్డలను అత్తవారింటనో పుట్టింటనో ఉంచడం ఒకటి. బయట ఇల్లు అద్దెకు తీసుకొని అప్పు చేయడం రెండవది. మొదటి దారిలో బిడ్డ తొలి అడుగు వేసిన సంగతి తండ్రికి ఫోనులో తెలుస్తుంది. రెండవ దారిలో నెలాఖరు ప్రతిసారీ ఇంట్లో చర్చనీయాంశం అవుతుంది.

అమెరికాలో ఈ సమస్య మరొక రూపం తీసుకొంది. రెండవ ప్రపంచయుద్ధం చివరిదశలో, 1944లో వచ్చిన సైనికుల పునరావాస చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చినవారికి చదువు ఖర్చులు సమకూర్చింది. పెళ్ళయి, బిడ్డలున్న మాజీ సైనికులు పెద్దసంఖ్యలో విశ్వవిద్యాలయాలకు, సెమినరీలకు చేరారు. వివాహిత విద్యార్థులకు ప్రత్యేక నివాసాల అవసరం అక్కడి విద్యాసంస్థలకు తప్పనిసరి విషయమైంది. భర్త చదువుతుంటే భార్య టైపిస్టుగానో, నర్సుగానో, ఉపాధ్యాయినిగానో పనిచేసి ఇల్లు నడపడం ఆనాటి సామాన్య దృశ్యం. అలాంటి భార్యలకు కొన్ని విద్యాసంస్థలు ‘పి.హెచ్.టి.’ అనే సరదా పట్టాలను పంచేవి. మగణ్ణి చదివించినందుకు ఇచ్చే పట్టా అని దాని భావం. భార్య శ్రమను గుర్తించడం ఆ కాగితంలోని మంచి. ఆ గుర్తింపు హాస్యానికే పరిమితం కావడం దానిలోని లోపం. ఆ పట్టాతో ఆమెకు ఎక్కడా ఉద్యోగం రాదు.

తెలుగు ప్రాంతం నుంచి అమెరికా సెమినరీలకు వెళ్ళే వివాహితుల పరిస్థితి ఇంకా సంక్లిష్టం. విద్యార్థి వీసా పొందినవానికి చదువు జరిగే కాలంలో కళాశాల ఆవరణలో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేసే అవకాశం లేదు. ఆశ్రిత వీసాపై వెళ్ళిన భార్యకు ఉద్యోగం చేసే అనుమతే లేదు. 1940లలో అమెరికన్ భార్య తన జీతంతో భర్తను చదివించింది. నేడు అక్కడికి వెళ్ళిన తెలుగు భార్యకు, ఎంత చదివినదైనా, ఆ అవకాశం కూడా ఉండదు. పుట్టినవారూ మెట్టినవారూ దగ్గరలేని చోట చంటిబిడ్డను సాకడం పూర్తిగా ఆమె పనే అవుతుంది.

6. తెలుగునేలపై దంపతుల శిక్షణ:

తెలుగునాట ప్రొటెస్టంటు బోధకుల శిక్షణ ప్రారంభమైన రోజుల్లో గృహస్థ విద్యార్థి అరుదైనవాడు కాదు, సాధారణమైనవాడు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషను 1870ల తొలిభాగంలో కోస్తాతీరంలోని రామాయపట్నంలో సెమినరీని నెలకొల్పింది. ఒంగోలులో జాన్ క్లౌ నాయకత్వంలో సాగిన సామూహిక మతాంతరీకరణలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గ్రామగ్రామాన ఏర్పడుతున్న సంఘాలకు బోధకులు అవసరమయ్యారు. ఆ బోధకులు ఎక్కువగా మాదిగ సముదాయం నుంచి వచ్చినవారు. చిన్నవయస్సులోనే పెళ్ళిళ్ళు జరిగే ఆనాటి సమాజంలో చదువుకు వచ్చే వయస్సుకే వారు కుటుంబీకులు. రామాయపట్నంలో విద్యార్థుల భార్యలకూ చదువు చెప్పేవారు.

ఈ ఏర్పాటుకు ఆచరణాత్మకమైన కారణం ఉంది. గ్రామంలో స్త్రీలతో మాట్లాడడానికి, వారికి అక్షరాలు నేర్పడానికి బోధకుని భార్యే తగినది. ఆమెకు చదువు రాకపోతే సంఘంలో సగం మందికి బోధ అందదు. ఒంగోలు ప్రాంతపు తొలి క్రైస్తవులలో ఎర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ దంపతులు 1866లో కలిసే బాప్తిస్మం పొందారు. విశ్వాసం దంపతులుగా స్వీకరించినప్పుడు శిక్షణ కూడా దంపతులకే అందడం ఆ కాలానికి సహజంగా తోచింది.

దోర్నకల్లులో వి.ఎస్. అజరయ్య ఇదే పద్ధతిని మరింత ప్రణాళికాబద్ధంగా అమలుచేశాడు. తమిళదేశంలో 1874లో జన్మించి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్య గ్రామోపాధ్యాయులను భార్యలతో సహా పిలిపించి శిక్షణ ఇప్పించాడు. కళాశాల విద్య పొందిన ఆయన భార్య అన్బు మరియమ్మ దోర్నకల్లులో స్త్రీల మధ్య జరిగిన పనికి అండగా నిలిచింది. గ్రామంలో బోధకుని ప్రసంగం వారానికొకసారి వినబడుతుంది, అతని కాపురం ప్రతిరోజూ కనబడుతుంది. అందువల్ల కాపురం కూడా శిక్షణలో భాగమైంది.

తరువాతి కాలంలో దైవశాస్త్ర విద్య స్థాయి పెరిగింది. పలు ప్రొటెస్టంటు సంఘాల ఉమ్మడి కృషితో 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజి ఏర్పడింది. 1973లో అది హైదరాబాదుకు తరలింది. విశ్వవిద్యాలయ స్థాయి పట్టా, ప్రవేశార్హతలు, పరీక్షలు, గ్రంథాలయం వచ్చాయి. ఇది తెలుగు సంఘాలకు కలిగిన గొప్ప మేలు. అయితే పట్టా అనేది స్వభావరీత్యా వ్యక్తికి ఇచ్చేది. హాజరుపట్టీలో ఒక్క పేరే ఉంటుంది. దంపతులను చేర్చుకొన్న పాత శిక్షణాకేంద్రం చదువులో తక్కువస్థాయిది, కుటుంబాన్ని చూడడంలో విశాలమైనది. కొత్త వ్యవస్థలో పాండిత్యం పెరిగింది, భార్య తరగతి గది బయట నిలిచింది. ఆమెకు ప్రత్యేక తరగతులు నిర్వహించే చోట్ల కూడా అవి పట్టాకు సంబంధించినవి కావు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సెమినరీ 1997లో విద్యార్థుల భార్యల కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించడాన్ని గమనిస్తే, ఈ వెలితి ఒక్క తెలుగునేలకే పరిమితం కాదని అర్థమవుతుంది.

7. ‘అయ్యగారు’, ‘అమ్మగారు’:

తెలుగు సంఘాలలో సంఘకాపరిని ‘అయ్యగారు’ అని, ఆయన భార్యను ‘అమ్మగారు’ అని పిలవడం విస్తృతంగా ఉంది. ‘పాస్టరుగారు’ అనే చోట ఆమె ‘పాస్టరమ్మగారు’ అవుతుంది. గ్రామసమాజంలో ఒకప్పుడు అగ్రవర్ణాలవారికే చెల్లిన ‘అయ్య’, ‘అమ్మ’ అనే గౌరవపదాలు దళితవాడలోని బోధకునికి, అతని భార్యకు దక్కడం సామాన్యమైన విషయం కాదు. ఆ పిలుపులో ఒక సముదాయపు ఆత్మగౌరవం ఉంది.

ఐతే ఈ రెండు సంబోధనలు లభించే మార్గాలు వేరు. ‘అయ్యగారు’ కావడానికి పిలుపు, సంఘం సిఫారసు, ఏళ్ళ తరబడి చదువు, పరీక్షలు, అభిషేకం కావాలి. ‘అమ్మగారు’ కావడానికి అయ్యగారి భార్య అయితే చాలు. గౌరవం అప్రయత్నంగా లభించినట్లే బాధ్యతలూ అప్రయత్నంగా మీదపడతాయి. స్త్రీల సమాజాన్ని నడపడం, ఆదివార పాఠశాల చూడడం, వేళగాని వేళ వచ్చినవారికి కాఫీ, భోజనం పెట్టడం, సంఘస్త్రీల కష్టసుఖాలు వినడం, విన్నవి బయటపెట్టకపోవడం ఆమె నుంచి ఆశించే పనులు. వీటిలో చాలావాటికి సెమినరీలో పాఠ్యాంశాలు ఉన్నాయి. ఆ పాఠాలను భర్త చదువుతాడు, ఆ పనులను భార్య చేస్తుంది.

‘పిలుపు’ అనే మాట కూడా పరిశీలించదగినది. దేవుడు తనను ప్రత్యేకంగా పరిచర్యకు నియమించాడన్న అంతరంగ నిశ్చయాన్ని తెలుగు క్రైస్తవులు పిలుపు అంటారు. ప్రవేశపు ఇంటర్వ్యూలో విద్యార్థిని అడిగే ముఖ్యమైన ప్రశ్న అతని పిలుపును గురించే. అతని పిలుపు మూలంగా ఊరు మారేది, ఉద్యోగం మానుకొనేది, పిల్లల బడి మార్చేది భార్య కూడా. పిలుపు ఒకరిది, ప్రయాణం అందరిది. ఆమె దానిని తనదిగా స్వీకరించిందా, కేవలం భర్త వెంట నడిచిందా అన్న తేడా చదివే రోజుల్లో పైకి కనబడకపోవచ్చు. పరిచర్యలో కష్టకాలం వచ్చినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

8. వివాహిత విద్యార్థిని:

గృహస్థ విద్యార్థి అనగానే పురుషుడే స్ఫురించడం భాషలోని అలవాటు మాత్రమే కాదు, చరిత్ర మిగిల్చిన అలవాటు. దక్షిణ ఇండియా సంఘంలో 1976లో ఎలిజబెత్ పాల్ అభిషేకంతో స్త్రీలు గురుత్వంలోకి ప్రవేశించారు. దైవశాస్త్ర కళాశాలల్లో విద్యార్థినులు పెరిగారు. వారిలో తల్లులూ ఉన్నారు. భర్త చదివితే భార్య ఇల్లు నడపడం సహజమనుకొనే సమాజంలో భార్య చదివితే భర్త ఇల్లు నడపడం విడ్డూరంగా కనిపిస్తుంది. భర్త కోసం భార్య ఊరు విడిచివస్తే అది త్యాగమనిపించుకోదు. భార్య కోసం భర్త వస్తే అది చర్చ అవుతుంది. స్త్రీ సంఘకాపరి అయితే ఆమె భర్తను ఏమని పిలవాలో తెలుగు సంఘాలకు స్థిరపడిన మాట లేదు. మాట లేకపోవడం వల్ల అతనికి గౌరవం తగ్గవచ్చుగాని, ‘అమ్మగారి’ మీద పడే జీతంలేని విధుల జాబితా మాత్రం అతని మీద పడదు. ఈ ఒక్క పోలిక ఆ విధులు పరిచర్యకు సహజమైనవి కావని, స్త్రీత్వానికి అంటగట్టినవని నిరూపిస్తుంది.

9. ఇంటికి వచ్చిన విద్య:

కుటుంబం విద్యాలయానికి రాలేనప్పుడు విద్యాలయమే కుటుంబం ఉన్నచోటికి రావచ్చునన్న ఆలోచన 1963లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో కార్యరూపం దాల్చింది. అక్కడి ప్రెస్బిటేరియన్ సెమినరీలో చదివి వెళ్ళే యువకులకు, గ్రామాలలో నిజంగా సంఘాలను నడుపుతున్న నడివయస్సు గృహస్థులకు మధ్య అంతరం ఉండేది. నాయకత్వం ఉన్నవారు పొలాన్ని, పిల్లలను విడిచి రాలేకపోయారు. వచ్చి చదివినవారు తిరిగి పల్లెకు వెళ్ళడానికి ఇష్టపడలేదు. దాంతో అధ్యాపకులే వారం వారం ప్రాంతీయ కేంద్రాలకు వెళ్ళి, ఇంటివద్ద స్వయంగా చదువుకొన్న పాఠాలపై చర్చ నడిపే విస్తరణ విద్యాపద్ధతి ఏర్పడింది. భారతదేశంలో ఇదే ఆశయంతో 1971లో బెంగళూరు కేంద్రంగా ‘టాఫ్‌టీ’ సంస్థ ప్రారంభమైంది.

ఈ పద్ధతిలో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. సంపాదన ఆగదు, పిల్లల బడి మారదు, భార్యాభర్తలు ఒకే పాఠాన్ని కలిసి చదువుకొనే వీలుంటుంది. గ్రంథాలయం, అధ్యాపకుల నిత్యసాన్నిహిత్యం, వివిధ సంఘాలవారితో కలిసి జీవించడం వల్ల కలిగే హృదయవైశాల్యం మాత్రం తగ్గుతాయి. పైగా ఇంటివద్ద చదువు అంటే చదువుకొనే గంటను ఇంటినుంచే సంపాదించుకోవాలి. ఆ గంటను మళ్ళీ ఎవరో ఒకరు తమ పనిలో నుంచి ఇవ్వాలి. విద్య చోటు మారినంత మాత్రాన శ్రమ విభజన మారదు.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. గృహస్థ విద్యార్థి ఎదుర్కొనే ఒత్తిడికి మూలం సమయాభావం ఒక్కటే కాదు. చదువు, సంసారం రెండూ అతనికి దైవనియుక్తమైన బాధ్యతలే కావడం వల్ల అది నైతిక సంఘర్షణ కూడా అయింది.

2. వసతి, సహాయధనం, కాలపట్టిక ఒంటరి విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడ్డాయి. సంఘాలు పంపే సహాయాన్ని కుటుంబం ప్రాతిపదికగా లెక్కించడం, క్షేత్రశిక్షణ ఉన్న వారంలో ఒక రోజును పూర్తిగా ఇంటికి విడిచిపెట్టడం అసాధ్యమైన సంస్కరణలు కావు.

3. రామాయపట్నం, దోర్నకల్లు శిక్షణలలో భార్యకు లభించిన స్థానం పట్టా విద్యలో కుంచించుకుపోయింది. పాండిత్యస్థాయిని తగ్గించకుండానే ఆ స్థానాన్ని తిరిగి కల్పించవచ్చు. ఆమె కోరితే అదే తరగతిలో, అదే పట్టాకోసం చదివే ఏర్పాటు ఉండాలి. కోరకపోతే ‘అమ్మగారి’ విధులు ఆమెపై పడకుండా ఉండాలి.

4. ‘అమ్మగారు’ అనే పిలుపులోని గౌరవాన్ని నిలుపుకొంటూనే, దానివెంట వచ్చే శ్రమను సంఘాలు పనిగా గుర్తించడం అవసరం.

నారుమడిలో మొక్కలు ఒక్కొక్కటిగా మొలిచినా, వరినాట్లు వేసేటప్పుడు రైతు ఒంటిమొక్కను నాటడు. రెండు మూడు మొక్కలను కలిపి కుదురుగా నాటుతాడు. సెమినరీకి వచ్చే గృహస్థుడు అప్పటికే కుదురుగా ఉన్నవాడు. అతణ్ణి వేరుచేసి పెంచడం కంటే, ఆ కుదురు మొత్తానికి నీరందేలా మడి కట్టడమే దైవశాస్త్ర విద్య ముందున్న పని.